ఆమ్స్ ముల్లు చూశారా?

ఎండాకాలం మొదలైతే ఈ శీర్షికకు ఉత్తరాలు రెట్టింపవుతాయి. ఈ నెల వచ్చినవాటిలో సగానికి సగం ఒకటే ప్రశ్న: ‘మోటారు పోయిందంటున్నారు, నిజమేనా?’ జనగామలో మోటారు వైండింగ్ షాపు పెట్టి 26 ఏళ్లయింది. నా దగ్గరికి ‘పోయింది’ అని తెచ్చిన మోటార్లలో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. జబ్బు పైన గోడకున్న డబ్బాలోనో, వైరులోనో, పైపులోనో, అసలు బోరులోనో ఉంటుంది. అందుకే ఎవరు ఫోన్ చేసినా ముందు నేనడిగేది ఒకటే: ఆమ్స్ ముల్లు ఎంత చూపిస్తోంది? అవతల కాసేపు మౌనం. ‘అది ఎక్కడుంటుంది?’ అంటారు. స్టార్టర్ డబ్బా మీద రెండు గుండ్రటి మీటర్లుంటాయి. ఒకటి ఓల్టేజీ చూపిస్తుంది, రెండోది ఆంపియర్లు, అంటే మోటారు ఎంత కరెంటు లాగుతోందో. వాడుకలో ఆమ్స్ అంటాం. ఆ రెండోదే. ఈసారి జవాబులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి, విసుక్కోకండి.

ప్ర: మా ఇంటి బోరు 280 అడుగులు. 1 హెచ్‌పీ మోటారు 200 అడుగుల దగ్గర దింపి ఉంది. పన్నెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు. ఈ ఉగాది తర్వాత నుంచి మోటారు వేస్తే పది నిమిషాలు నీళ్లు నిండుగా వస్తున్నాయి. తర్వాత బుస్సుమని గాలి, మధ్యమధ్య ఉమ్మినట్టు కాసిని నీళ్లు, ఆపైన ఏమీ రావు. గంట ఆగి వేస్తే మళ్లీ పది నిమిషాలు. ఒక మెకానిక్ మోటారు మార్చాలన్నాడు. ఇంకొకాయన కొత్త బోరే వేయించుకోమంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– రిటైర్డ్ టీచర్, సిద్దిపేట

జ: ఇప్పటికైతే ఇద్దరి మాటా వినకండి మేడమ్. పది నిమిషాలు నిండుగా పోసిన మోటారు పదకొండో నిమిషంలో చచ్చిపోయి, గంటకల్లా మళ్లీ బతకదు. మోటారు బాగానే ఉంది. దానికి అందాల్సిన నీళ్లే అందడం లేదు.

మీరు లెక్కల టీచరో కాదో తెలియదు గానీ ఒక చిన్న లెక్క చెప్తాను. మన దగ్గర ఇళ్లలో వేసే ఆరున్నర అంగుళాల బోరులో ఒక అడుగు ఎత్తున సుమారు 6.5 లీటర్ల నీళ్లు నిలుస్తాయి. మోటారుకు పైన 60 అడుగుల నీళ్లున్నాయనుకోండి, అంటే 390 లీటర్లు. మీ మోటారు నిమిషానికి 40 లీటర్లు తోడితే అవి పది నిమిషాల్లో అయిపోతాయి. తర్వాత బండ పగుళ్లలోంచి ఎంత ఊరితే అంతే. ఆ ఊట సన్నగిల్లింది. గంట ఆగితే బోరు మళ్లీ నిండుతోంది, మీరు మళ్లీ తోడుతున్నారు. మీ ఉత్తరం చదవగానే వేళ్ల మీద ఈ లెక్క వేసుకున్నాను, మీరు రాసిన పది నిమిషాలకు సరిగ్గా సరిపోయింది. మీ బోరులో నీళ్లు ఇప్పుడు 140 అడుగుల దగ్గర నిలుస్తుండాలి. ఆ పది నిమిషాల్లోనూ కాస్త ఊరుతుంది కాబట్టి అటూఇటూ అవుతుందనుకోండి.

నిజమో కాదో ముల్లే చెప్తుంది. నీళ్లు నిండుగా వస్తున్నప్పుడు ఎంత ఉందో చూసి కాగితం మీద రాయండి. గాలి మొదలయ్యాక మళ్లీ చూడండి. ఏడు దగ్గర నిలబడ్డ ముల్లు ఐదుకో ఐదున్నరకో జారి, అక్కడ వణుకుతూ ఉంటే పంపు గాలి తింటోందని అర్థం. నీళ్లు ఎత్తే బరువు లేదు కాబట్టి కరెంటు తక్కువ లాగుతోంది.

ఇలా గాలి తింటున్నప్పుడు మోటారును అలాగే వదిలేయడమే అసలు ప్రమాదం. బోరు మోటారును చల్లబరిచేదీ, లోపలి బుష్‌లకు నూనెలా పనిచేసేదీ ఆ నీళ్లే. నీళ్లు లేకుండా అరగంట తిరిగిందంటే ఇద్దరు మెకానిక్‌లలో మొదటాయన మాట నిజమవుతుంది. కాబట్టి ఈ ఎండాకాలం ఎనిమిది నిమిషాలు వేయండి, గంటన్నర ఆపండి. గుర్తుండదనుకుంటే టైమర్ పెట్టించుకోండి. ‘డ్రై రన్’ కట్ చేసే పరికరం దొరుకుతుంది, ఆమ్స్ తగ్గగానే అదే ఆపేస్తుంది. మోటారు ధరతో పోలిస్తే దాని ఖరీదు లెక్కలోది కాదు.

ఇంకొంచెం నీళ్లు కావాలంటే మోటారును 240 అడుగులకు దింపించండి. అంతకంటే కిందికి వద్దు. బోరు అడుగున ఒండ్రు పేరుకుని ఉంటుంది, కనీసం ముప్పై అడుగులైనా వదలాలి. దింపే ముందు మోటారు మీది రేకు చూడమనండి, ‘హెడ్’ అని మీటర్లలో రాసి ఉంటుంది. దాన్ని 3.3తో గుణిస్తే అడుగులొస్తాయి. బోరులోంచి మీ మిద్దె మీది ట్యాంకు దాకా మొత్తం ఎత్తు అందులో హాయిగా ఇమడాలి, అంచు దాకా రాకూడదు. లేకపోతే దింపాక ధార సన్నబడుతుంది, మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు.

కొత్త బోరు సంగతి ఆఖరున ఆలోచిద్దాం. దానికి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) ప్రకారం అనుమతి తీసుకోవాలి. ఊరి మంచినీళ్ల బోరుకు 250 మీటర్ల లోపలైతే వేయనివ్వరు. పైగా పక్కనే ఇంకో బోరు వేస్తే అదే పగుల్లోంచి రెండూ తాగుతాయి. మా వీధిలో అన్నదమ్ములిద్దరు అలా వేసుకుని రెండేళ్లు మాట్లాడుకోలేదు.

ఒక మాట. నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూద్దామని మోటారున్న బోరులో రాయి వేయకండి. టీచర్లే ఎక్కువ వేస్తారెందుకో! ఆ రాయి మోటారుకూ బోరు గోడకూ మధ్య ఇరుక్కుంటే మోటారును మళ్లీ పైకి చూడటం కష్టం.

ప్ర: పచ్చ బటన్ నొక్కితే ‘మ్‌మ్‌మ్’ అని మూలుగుతుంది, నీళ్లు రావు, కాసేపటికి టప్‌మని ఆగిపోతుంది. రోజుకు పదిసార్లు ప్రయత్నిస్తే ఒకసారి తిరుగుతుంది. మోటారు జామ్ అయిందంటున్నారు. పైకి లాగించాలా?
– కిరాణా వ్యాపారి, ఆలేరు

జ: లాగించకండి. ముందు నా సిగ్గుమాలిన కథ ఒకటి వినండి.

2009 ఎండాకాలం. రఘునాథపల్లి దగ్గర ఒక ఊళ్లో మీరు చెప్పిన జబ్బే. నాకప్పుడు చేతినిండా పని, ఒంటినిండా పొగరు. మూలుగు వినగానే ‘ఇసుక పట్టి జామ్ అయింది, లాగాలి’ అన్నాను. 340 అడుగుల లోతు, ఇరవై అడుగుల ఇనుప పైపులు పదిహేడు. ముక్కాలి నిలబెట్టి, చెయిన్ పుల్లీ కట్టి, నలుగురం పొద్దున ఏడింటికి మొదలుపెడితే మధ్యాహ్నానికి మోటారు బయటపడింది. డ్రమ్ములో నీళ్లు పోసి, మోటారును అందులో ముంచి, నా వెంట తెచ్చిన డబ్బా కలిపి బటన్ నొక్కాను. గిర్రున తిరిగింది. ఇంటి గోడకున్న డబ్బా విప్పి చూస్తే స్టార్టింగ్ కండెన్సర్ ఉబ్బి, మూతి పగిలి, నూనె కారి ఉంది. అప్పట్లో దాని ఖరీదు నూట యాభై రూపాయలు. ఆ ఇంటి ముసలమ్మ అరుగు మీద కూర్చుని ఒకే మాట అడిగింది: ‘బిడ్డా, మీదున్న డబ్బ ఇప్పకుండనే కిందున్న మోటరు గుంజినవా?’ కూలీ డబ్బులు నేనే కట్టుకుని వచ్చాను. ఆ రోజు నుంచి పానా తీసే ముందు స్క్రూడ్రైవర్ తీస్తున్నాను.

సింగిల్ ఫేజ్ మోటారు తనంతట తాను కదల్లేదు, మొదట ఒక తోపు కావాలి. ఆ తోపు ఇచ్చేది స్టార్టింగ్ కండెన్సర్. అది నీరసపడితే మోటారు మూలుగుతుంది, కదలదు. అప్పుడు ముల్లు చివరిదాకా ఎగిరి అక్కడే ఉండిపోతుంది. ఓవర్‌లోడ్ బటన్ ‘టప్’మని దూకేది అందుకే. పదిసార్లకు ఒకసారి తిరుగుతోందంటే తొంభై పాళ్లు కండెన్సరే. నిజంగా జామ్ అయిన మోటారు పదోసారి కూడా తిరగదు.

పనిలో పనిగా ఓల్టేజీ ముల్లు కూడా చూడండి. బటన్ నొక్కినప్పుడు 180 కంటే కిందికి పడిపోతుంటే కండెన్సర్ మంచిదైనా మోటారు లేవలేదు. సాయంత్రం మూలిగి, తెల్లవారుజామున బాగా తిరుగుతుంటే తప్పు కరెంటుది. మీటరు నుంచి డబ్బా దాకా సన్న వైరు లాగి ఉన్నా ఇదే గోల.

ఇక దయచేసి ఆ పదిసార్లు నొక్కడం మానండి. మూలిగిన ప్రతిసారీ లోపల వైండింగ్ కాలుతూ ఉంటుంది. రెండుసార్లు చూడండి, లేవకపోతే వదిలేయండి. డబ్బా మీరే విప్పకండి. కరెంటు తీసేశాక కూడా కండెన్సర్‌లో కొంత నిలిచి ఉంటుంది, చెయ్యి పెడితే గట్టిగా కొడుతుంది. మెకానిక్‌ను పిలిచి, పాతదాని మీద రాసి ఉన్న నంబరుదే వేయమనండి. ‘ఇంకాస్త పెద్దది వేస్తే ఇంకా బాగా తిరుగుతుంది’ అని ఎవరన్నా చెప్తే నమ్మకండి.

ప్ర: నీళ్ల ధార ఆరు నెలలుగా మెల్లగా సన్నబడుతోంది. ట్యాంకు నిండడానికి ముందు ముప్పావు గంట పట్టేది, ఇప్పుడు రెండు గంటలు. గాలి రావడం లేదు. ఆమ్స్ ఎప్పటిలాగే ఏడే ఉంది.
– భువనగిరి పాఠకుడు

జ: శభాష్, మీరొక్కరే ముల్లు చూసి రాశారు. సగం పని మీరే చేశారు.

గాలి లేదు, ఆమ్స్ తగ్గలేదు, అంటే మోటారు నీళ్లు తోడుతూనే ఉంది. ఆ నీళ్లు మీ ట్యాంకుకు రాకుండా ఎక్కడికో పోతున్నాయి. ఊరు సద్దుమణిగాక ఒక పని చేయండి. మోటారు వేసి, బోరు మూత దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, కేసింగ్ పైపుకు, అంటే మట్టి కూలకుండా బోరు పైభాగంలో దించిన పైపుకు, చెవి ఆనించండి. మామూలు బోరులో దూరంగా తుమ్మెద తిరిగినట్టు సన్నటి రొద మాత్రమే వినిపిస్తుంది. దాని మీద వానాకాలం చూరు నీళ్లు బకెట్లో పడుతున్నట్టు చిటపటా చప్పుడు వినిపిస్తే, లోపల పైపుకు చిల్లి పడింది. ఆ చిల్లిలోంచి నీళ్లు మళ్లీ బోరులోకే పోతున్నాయి. అవే నీళ్లను మీరు తిప్పితిప్పి తోడుతున్నారు. ఇనుప పైపైతే సాకెట్ మరల దగ్గర తుప్పు తింటుంది. నల్ల పైపైతే క్లిప్పు బిగించిన చోట కోసుకుపోతుంది. చప్పుడు పైనుంచే వస్తుంటే మీ అదృష్టం, రెండు మూడు పైపులు లాగితే చాలు.

చప్పుడేమీ లేకపోతే ఇంకో పరీక్ష. పైకి నీళ్లు పోయే పైపు విప్పి, బోరు దగ్గరే 20 లీటర్ల బకెట్ పెట్టి, ఫోన్లో టైమ్ చూడండి. 40 సెకన్లలో నిండితే గంటకు 1800 లీటర్లు. 80 సెకన్లు పడితే 900. బోరు దగ్గర బాగా వచ్చి, ట్యాంకు దగ్గర మాత్రమే రాకపోతే మధ్యలో మట్టిలో పూడ్చిన పైపు చూసుకోండి. బోరు దగ్గరే తక్కువుంటే పంపు లోపలి గిర్రలు, అంటే ఇంపెల్లర్లు, అరిగాయి. లేదా సున్నం పట్టింది. మన ఉప్పు నీళ్లకు సున్నం పట్టడం మామూలే. గీజర్‌లో, కుక్కర్‌లో పేరుకునే తెల్ల పెచ్చు అక్కడా పేరుకుంటుంది. అప్పుడు మాత్రం లాగక తప్పదు.

మరో చిన్న గుర్తు: బటన్ నొక్కిన ఎన్ని సెకన్లకు నీళ్లు పడుతున్నాయో చూడండి. ముందు వెంటనే పడేవి, ఇప్పుడు నిమిషం పడుతోందంటే పంపు మీదున్న వాల్వు నీళ్లను నిలపడం లేదు, ఆపగానే పైపులోని నీళ్లన్నీ కిందికి జారిపోతున్నాయి. జారేటప్పుడు గిర్రలను వెనక్కి తిప్పుతాయి. ఆ క్షణంలో మళ్లీ బటన్ నొక్కితే షాఫ్టు మీద పడే దెబ్బ చిన్నది కాదు. కరెంటు పోయి వచ్చిన వెంటనే మోటారు వేయకండి, రెండు మూడు నిమిషాలాగండి.

ప్ర: బోరు మోటారు నడుస్తున్నప్పుడు బాత్రూమ్ కుళాయి ముట్టుకుంటే చీమ కుట్టినట్టు చురుక్కుమంటోంది. పెద్ద షాకేం కాదు. తడి చేతుల వల్లేనని మావారంటున్నారు.
– గృహిణి, నల్లగొండ

జ: అమ్మా, ఈ పత్రిక పక్కన పెట్టి ముందు మోటారు మెయిన్ స్విచ్ ఆపేయండి. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా వేయకండి, ఆ బాత్రూమ్‌లో స్నానాలు చేయకండి. మీవారికి నా నమస్కారాలు చెప్పండి. తడి చెయ్యి కరెంటును పుట్టించదు, ఉన్నదాన్ని ఒంట్లోకి రానిస్తుంది. ఈరోజు చీమ, రేపు తేలు. పిల్లలు తడి కాళ్లతో ఉన్నప్పుడైతే చెప్పనవసరం లేదు.

బోరులో కేబుల్ ఎక్కడో ఒలిచి ఉంటుంది. ఎక్కువగా కేసింగ్ మూతి దగ్గరే. కోసిన కేసింగ్ అంచు కత్తిలా ఉంటుంది, మోటారు లేచిన ప్రతిసారీ పైపు ఓ విదిలింపు విదిలిస్తుంది, కేబుల్ ఆ అంచుకు రాసుకుంటుంది. ఏడాది రెండేళ్లకు రాగి కనబడుతుంది. నేను పాత సైకిల్ ట్యూబ్ జానెడు ముక్క కోసి ఆ మూతి చుట్టూ తొడుగుతాను. లోపలి జాయింటు టేపులోకి నీళ్లు దిగినా ఇదే తంతు. ఇనుప పైపైతే కరెంటు నేరుగా కుళాయి దాకా వస్తుంది. గీజర్ నుంచి కూడా రావచ్చు కాబట్టి రెండూ చూడమనండి. మెగ్గర్ (కరెంటు బయటికి కారుతోందా అని వైరు తొడుగును పరీక్షించే మీటరు) పెట్టి కేబుల్ చూడాలి, ఎర్తింగ్ గుంత చూడాలి, ఇంటికి 30 మిల్లీఆంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు కారగానే సప్లై కట్ చేసే స్విచ్) లేకపోతే పెట్టించాలి. ఎమ్‌సీబీ ఉంది కదా అనుకోకండి, అది వైర్లు కాలకుండా చూస్తుంది, మనుషులను కాదు.

ప్ర: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. నుయ్యి మీద అర హెచ్‌పీ మోనోబ్లాక్ (మోటారూ పంపూ ఒకటిగా ఉండే రకం) ఉందండి. పొద్దున్నే గరాటాతో నీళ్లు పోసి వేస్తే లాగుతుంది. సాయంత్రానికి మళ్లీ పోయాల్సిందే. ఈ నెలలో పోసినా ఒక్కోసారి లాగడం లేదు.
– కొబ్బరి రైతు, కోనసీమ

జ: మా బండనేలలో ఈ రకం తక్కువండి. కానీ పని నేర్చుకునే రోజుల్లో రెండేళ్లు తణుకులో ఉన్నాను, నుయ్యి మోటార్ల కింద పడుకుని లేచినవాణ్ణే.

మీవి రెండు వేర్వేరు జబ్బులు. మొదటిది ఫుట్‌వాల్వు. నూతిలో పైపు చివర ఉండే ఆ వాల్వు మూత కింద కొబ్బరి పీచో, ఆకు ఈనో ఇరుక్కుంటే నీళ్లు నిలవవు. గరాటాలో నిండుగా పోసి ఐదు నిమిషాలు చూడండి. మట్టం కిందికి దిగిపోతుంటే అదే. పైపు పైకి తీసి కడిగించండి, తోలు వాషరు చీకిపోతే మార్పించండి. దానికోసం ఎవర్నీ నూతిలోకి మాత్రం దించకండి. వాడని పాత నూతుల్లో గాలి మంచిది కాదు, దిగినవాళ్లు దిగినట్టే ఉండిపోయిన సంగతులు మీకూ తెలుసు.

రెండోది ఎండాకాలం జబ్బు. పైన కూర్చున్న పంపు నీళ్లను కింది నుంచి పీల్చాలి. ఎంత కొత్త మోటారైనా, ఎంత పెద్ద హెచ్‌పీ అయినా ఇరవై ఐదు అడుగులు దాటితే పీల్చలేదు. అది గాలి ఒత్తిడి పెట్టిన హద్దు, మోటారు చేతిలో లేదు. మీ నూతిలో నీళ్లు ఆ హద్దుకు దగ్గరపడ్డట్టున్నాయి. తాడు వేసి పంపు నుంచి నీటి మట్టానికి ఎంతుందో కొలవండి. ఇరవై దాటితే నూతి లోపల దిమ్మె కట్టించి మోటారును కిందికి దింపుకోవాలి, లేదా నీళ్లలో ముంచే రకం తెచ్చుకోవాలి. పైనే ఉంచి ఒక హెచ్‌పీకి మారిస్తే డబ్బు దండగండి.

గ్లాండ్ దగ్గర, అంటే షాఫ్టు పంపులోకి వెళ్లే చోట, చుక్క చుక్క కారితే కంగారు పడకండి, డోరీ (నీళ్లు ఆపే తాడు) వేసిన గ్లాండ్ అలా కారాలి. ధారగా కారితే డోరీ మార్పించండి.

ప్ర: ఐదేళ్ల బోరు. మొన్న వానలకు నీళ్లు ఎర్రగా, మట్టిగా వచ్చాయి. ఇప్పుడు తేటగానే ఉన్నా బకెట్ అడుగున సన్న ఇసుక మిగులుతోంది.
– చేర్యాల పాఠకుడు

జ: కొత్త బోరైతే కొన్నాళ్లు మట్టి వస్తుంది, పర్వాలేదు. ఐదేళ్ల తర్వాత వాన పడ్డప్పుడే వచ్చిందంటే పై నీళ్లు కేసింగ్ పక్క నుంచి లోపలికి దిగుతున్నాయి. కేసింగ్ గట్టి బండలోకి దిగకుండా మెత్తటి నేలలోనే ఆగి ఉండొచ్చు, జాయింటు ఊడి ఉండొచ్చు. ఇసుక సంగతి తర్వాత. వీధి మురుగు కూడా ఆ దారినే దిగుతుంది, కాబట్టి ఆ నీళ్లు తాగడం ఆపి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించండి. కేసింగ్ చుట్టూ సిమెంటు గచ్చు పోయించి, మూతి నేలకంటే అడుగున్నర ఎత్తు ఉండేలా చూసుకోండి. ఇసుక తగ్గకపోతే మోటారును పది ఇరవై అడుగులు పైకి జరపండి. ఇసుక నీళ్లు పంపు గిర్రలకు ఆకురాయి లాంటివి.

మీ పెరట్లోనే ఇంకో ఎండిన బోరు ఉందని, దాని మీద గోనెసంచి కప్పామని ఉత్తరం చివర రాశారు. అది చదివి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇలాంటి బోర్లను అడుగు నుంచి నేల దాకా మట్టితో, రాళ్లతో పూడ్చేయాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. ఈ వారంలోనే ఆ పని చేసి నాకో కార్డు రాయండి.

ప్ర: నేను డల్లాస్‌లో ఉంటాను. అమ్మ హుజూరాబాద్‌లో ఒక్కతే. మోటారు రాకపోతే ఆమెకు టెన్షన్, నాకు టెన్షన్. ప్రతిసారీ వచ్చిన మెకానిక్ ఒక్కో మాట చెప్తాడు. ఫోన్ నుంచి నడిపే స్టార్టర్ పెట్టించమంటారా?
– ఒక కొడుకు

జ: పెట్టించు తమ్ముడూ, అమ్మకు మెట్లు దిగే పని తప్పుతుంది. కానీ ఫోన్‌కు నీళ్లు కనబడవు. నువ్వు అక్కడ బటన్ నొక్కి పడుకుంటే ఇక్కడ బోరు గాలి తింటూ ఉండొచ్చు. డ్రై రన్ కట్ ఉన్నదే తీసుకో. ట్యాంకులో నీళ్లు నిండితే ఆపే ఫ్లోట్ కూడా పెట్టించు.

దానికంటే ముందు ఒక అట్టముక్క. బోరు ఎన్ని అడుగులు, మోటారు ఎన్ని అడుగుల్లో ఉంది, ఎన్ని హెచ్‌పీ, ఏ నెల ఏ ఏడాది దింపారు, కండెన్సర్ల నంబర్లు, నీళ్లు నిండుగా వస్తున్నప్పుడు ఆమ్స్ ఎంత, ఓల్టేజీ ఎంత, బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుంది. ఇవన్నీ పెద్ద అక్షరాలతో రాసి డబ్బా తలుపు లోపల అతికించమను. మెకానిక్ వచ్చినప్పుడు అమ్మ వీడియో కాల్ చేసి ఫోన్‌ను ఆ రెండు ముళ్ల ఎదురుగా పట్టుకుంటే చాలు. ముల్లు సున్నా మీద ఉంటే కరెంటు అందడం లేదు లేదా కేబుల్ తెగింది. మామూలు కంటే తక్కువుంటే నీళ్లు లేవు, లేదా మోటారుకూ పంపుకూ మధ్య కప్లింగ్ తెగి మోటారొక్కటే ఉత్తగా తిరుగుతోంది. చివరిదాకా ఎగిరితే కండెన్సరో, ఓల్టేజీనో, జామో. ‘మోటారు కాలింది’ అని ఎవరన్నా చెప్తే మెగ్గర్ పెట్టి చూపించమని అడుగు. చూపించేవాడు పనివాడు.

అమ్మకు ముళ్లు చదవడం రాదంటావేమో. వంట గ్యాస్ రెగ్యులేటర్ తిప్పడం మా అమ్మకూ రాదనే అనుకున్నాం.

కిందటి నెల జవాబుకు సవరణ: స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఒకాయన, బటన్ నొక్కితే ఏ చప్పుడూ లేదు, ముల్లు సున్నా దాటదని రాస్తే, కండెన్సర్ చూడమన్నాను. నా జవాబు తప్పు. సున్నా చూపిస్తుంటే కండెన్సర్ దాకా పోకూడదు, ముందు కరెంటు దారి చూడాలి. ఆయన కొత్త కండెన్సర్ కొని వేయించినా లేవలేదట. చివరికి చూస్తే డబ్బాలో, స్టార్టర్ కాంటాక్టుల మధ్య ఎండిపోయిన బల్లి. దాన్ని పుల్లతో తీసేసి, కాంటాక్టులు తుడిచి బటన్ నొక్కగానే నీళ్లొచ్చాయట. డబ్బాకు వైర్లు వెళ్లే కన్నాలన్నీ ఎమ్‌సీల్‌తో మూయించమని ఆయనకు చెప్పాను. కండెన్సర్ డబ్బులు ఎవరిస్తారని ఆయన అడిగారు. అలాగే దాచిపెట్టుకోండి సార్, వచ్చే ఏడాదో ఆపై ఏడాదో వాడతారు.